ర్యాగ్‌ట్యాగ్ అన్నారు సరే, చొక్కా డబ్బులు ఎవరు తిన్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్ స్పోర్ట్స్ పేజీలో మా ఊరి ఆడపిల్లల ఖోఖో జట్టు గెలిచిన వార్త వేశారు, సంతోషం. ఫొటో కూడా పెద్దదే వేశారు. హెడ్డింగ్ మాత్రం ‘రచ్చ గెలిచిన ర్యాగ్‌ట్యాగ్ జట్టు’ అని పెట్టారు. కింద వార్తలో ‘తలో రంగు జెర్సీలతో బరిలోకి దిగిన ఈ ర్యాగ్‌ట్యాగ్ బృందం’ అని ఇంకోసారి. ఆ మాటకు అర్థమేంటని ఎవరో పాఠకుడు అడిగితే, ఆదివారం పదాల బాక్సులో ‘రకరకాల మనుషులు కలిసిన కలగాపులగం గుంపు, సరదాగా వాడే మాట’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సరదా మాటే కావచ్చు. కానీ ఆ జెర్సీలు కుట్టింది నేను, కాబట్టి నాలుగు మాటలు రాసే హక్కు నాకుందనుకుంటున్నా.

చీరాల దగ్గర చిన్న ఊళ్లో నాది టైలర్ షాపు. ఎం.ఏ. ఇంగ్లీషు దూరవిద్యలో పూర్తిచేసి, కొన్నాళ్లు ఉద్యోగాల వెంట తిరిగి, అది కుదరక మా నాన్న మిషన్ మీదే కూర్చున్నవాణ్ణి. అందుకని గుడ్డ సంగతీ కొంత తెలుసు, ఇంగ్లీషు సంగతీ కొంత తెలుసు. ఈ రెండూ కలిసిన మాట పేపర్లో కనబడితే ఊరుకోవడం నా వల్ల కాదు.

ముందు జెర్సీల సంగతి. టోర్నమెంటుకు పిల్లలకు జెర్సీలు, బూట్లు ఇస్తామన్నారు. కొలతలు తీసి పంపింది కూడా నేనే, ఒక్కో పిల్ల పేరు పక్కన ఛాతీ, భుజం, పొడవు రాసి. శాంక్షన్ అయిందన్నారు, వచ్చేస్తోందన్నారు, వేరే హెడ్డు కిందకి పోయిందన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఏ ఆఫీసో ఇక్కడ రాయను, మీ రిపోర్టరు అడిగితే చెబుతాను. బయల్దేరే ముందు వాళ్ల పీఈటీ మేడం షాపుకొచ్చి ‘అన్నా, ఏదో ఒకటి చెయ్యి’ అంది. మిగిలిన కట్ పీసుల మూట విప్పాను. స్కూల్ యూనిఫాం నీలం కొంత, ఎవరిదో క్రికెట్ టీమ్ ఆర్డర్లో మిగిలిన పసుపు కొంత, ఎలక్షన్లప్పుడు కుట్టించుకుని డబ్బులివ్వకుండా వదిలేసిపోయిన ఆకుపచ్చ ఇంకొంత. ఒంటికి ఒక రంగు, చేతులకు ఇంకో రంగు వచ్చేలా కోశాను. సాగే గుడ్డనీ సాగని గుడ్డనీ కలిపి కుట్టడం ఎంత తలనొప్పో ఈ పని చేసేవాళ్లకే తెలుసు, లాగి కుడితే అలలు తేలుతుంది, వదిలేసి కుడితే ముడతలు పడుతుంది. ఖోఖోలో పిల్లలు పోల్ దగ్గర నేల మీదికి దూకుతారు కదా, చంకలో పిగిలిపోకుండా అక్కడ రెండో కుట్టు వేశాను. నంబర్లు తెల్లగుడ్డ కత్తిరించి చుట్టూ జిగ్‌జాగ్ కొట్టాను. మీ ఫొటోలో 7వ నంబరు కాస్త వంకరగా కనిపిస్తుంది, అది కరెంటు పోయినప్పుడు ఫోన్ లైటు పెట్టుకుని కుట్టింది. ఒక్క కుట్టు ఊడలేదని మేడం తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

కాబట్టి ర్యాగ్ అంటే పేలిక, ట్యాగ్ అంటే వేలాడే ముక్క అని తీసుకుంటే మీవాళ్లు అక్షరాలా నిజమే రాశారు, కాదనను. నా పేచీ వేరే.

ఈ మాట మొదట తిరగేసి ఉండేది, ట్యాగ్-ర్యాగ్ అని. 16వ శతాబ్దం నాటి ఇంగ్లీషులోనే ఉంది. మనిషిని వదిలేసి మనిషి ఒంటి మీద వేలాడుతున్న గుడ్డ ముక్కను చూసి పెట్టిన పేరన్నమాట. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలో (1599 నాటిది) కాస్కా అనే పెద్దమనిషి రోమ్ బజార్లో జరిగిన గొడవను మిత్రులకు చెబుతూ ఈ మాట వాడతాడు. సీజర్‌కు కిరీటం ఇవ్వబోతే వద్దన్నాడని జనం కేకలు పెట్టారట, పగిలిన చేతులతో చప్పట్లు కొట్టారట, చెమట టోపీలు పైకి విసిరారట, వాళ్ల నోటి కంపుకి సీజర్ మూర్ఛపోయాడట. ఆ ట్యాగ్-ర్యాగ్ జనం నాటకాల కొట్టంలో నటుల్ని మెచ్చుకున్నట్టే, ఈలలు వేసి గేలిచేసినట్టే సీజర్‌నూ చేశారని అంటాడు. ఈ డైలాగు చెబుతున్నప్పుడు ఎదురుగా నిలబడి వింటున్నది ఎవరనుకున్నారు? లండన్‌లో ఒక్క పెన్నీ ఇచ్చి నేల టిక్కెట్టు మీద నిలబడి నాటకం చూసే జనమే, వాళ్లలోనూ చేతులు పగిలినవాళ్లూ చెమట టోపీలవాళ్లూ ఉండే ఉంటారు. తమను తిట్టే తిట్టు డబ్బిచ్చి విన్నారు. నవ్వుకున్నారో, గొణుక్కున్నారో. రాసినాయన మటుకు చేతితొడుగులు కుట్టి అమ్మే ఆయన కొడుకు, తోలూ కుట్టూ ఇంట్లో చూసినవాడే. ఆ నాటకం మొదలయ్యేది కూడా ఇలాంటి పేచీతోనే. వీధిలో కనబడ్డ వడ్రంగిని అధికారులు ఆపి, నీ తోలు ఏప్రాన్ ఏది, కొలబద్ద ఏది, పనిరోజున మంచిబట్టలు ఎందుకు కట్టుకున్నావని దబాయిస్తారు. మంచిబట్ట కడితే ఎందుకు కట్టావని, చిరుగుబట్ట కడితే ట్యాగ్-ర్యాగ్ అని. ఏం చేసినా తంటాయే.

తర్వాత దీనికి బాబ్‌టెయిల్ అనే తోక కూడా తగిలింది. బాబ్‌టెయిల్ అంటే తోక కత్తిరించిన గుర్రమో కుక్కో. ట్యాగ్, ర్యాగ్ అండ్ బాబ్‌టెయిల్ అంటే మనం అడ్డమైనవాళ్లూ అంటామే, అదీ. డైరీలు రాసిన శామ్యూల్ పెపిస్ 1660 మార్చి 6న రాసుకున్న పేజీలో ఇది ఉంటుంది. తెలిసిన అమ్మాయిని చూడ్డానికి వెళ్తే, ఆమె ఇంకొకరితో కలిసి తలుపు వెనక దాక్కుంటుంది, వెతికి పట్టుకుని అందరూ కింద భోజనాల గదికి దిగుతారు, అక్కడ గదినిండా ట్యాగ్, ర్యాగ్, బాబ్‌టెయిల్ జనం ఆడుతూ పాడుతూ తాగుతూ కనబడతారు. తనకు సిగ్గేసిందని రాస్తాడు పెపిస్. సిగ్గేసినవాడు వెంటనే వెళ్లిపోయాడా? ఒకటి రెండు డాన్సుల దాకా ఉండి, ఆ తర్వాత వెళ్లాడట! ఆ విషయం కూడా దాచకుండా రాసుకున్నాడు కాబట్టి ఆయనంటే నాకు ఇష్టమే. ఇంకో సంగతి, పెపిస్ వాళ్ల నాన్న లండన్‌లో టైలరు. మా వృత్తివాళ్ల కొడుకే పైకొచ్చాక గుడ్డలు చూసి మనిషిని కొలిచాడు.

19వ శతాబ్దానికి మాట తిరగబడి ర్యాగ్‌ట్యాగ్ అయింది, ఈ రూపమే నిలబడింది. గుంపుల మీద ఇంగ్లీషులో ఇలాంటివి ఇంకా ఉన్నాయి, మాబ్, రిఫ్‌రాఫ్, మాట్లీ. వీటిలో మాట్లీ ఒక్కటి మళ్లీ బట్ట నుంచే వచ్చింది, రకరకాల రంగులు కలిపి నేసిన గుడ్డ అది, 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ కథల్లో వర్తకుడు దాన్ని దర్జాగా వేసుకుని గుర్రమెక్కి వస్తాడు, తర్వాత తర్వాత అది ఆస్థాన విదూషకుల దుస్తు అయిపోయింది. అందుకే మాట్లీ అంటే కాస్త నవ్వు వస్తుంది, ర్యాగ్‌ట్యాగ్ అంటే కాస్త జాలి వస్తుంది. మీ బాక్సులో ఈ తేడా కూడా రాసి ఉంటే బాగుండేది.

మన దగ్గరా తక్కువేం లేవు. అలగాజనం, మూక, కలగూరగంప, అతుకుల బొంత. చివరి రెండూ మీ పేపర్లు సంకీర్ణ ప్రభుత్వాలకు రిజర్వు చేసి పెట్టాయి, పదమూడు పార్టీలో ఎన్నో కలిస్తే చాలు హెడ్డింగ్ రెడీ. సరే, రాజకీయ నాయకులు పడతారు, వాళ్లకు అలవాటే. కానీ మా పిల్లల ఫొటో మీద ‘రచ్చ గెలిచిన అలగా జట్టు’ అని మీ సబ్ ఎడిటర్ పెట్టగలడా? పెడితే మర్నాడు మా ఊరు ఊరంతా మీ ఆఫీసు ముందుంటుంది. ఇంగ్లీషులో రాస్తే స్టైల్ అయిపోయింది, అంతే.

దీనికి మీవాళ్లు ఏమంటారో కూడా తెలుసు. ఇప్పుడు అది తిట్టు కాదు, మెచ్చుకోలు అంటారు. నిజమే, కొంతవరకు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ తీరంలో చిక్కుకున్న సైనికుల్ని తీసుకురావడానికి యుద్ధనౌకలతో పాటు చేపల పడవలూ షికారు పడవలూ కదిలాయి, మూడు లక్షల ముప్పై ఎనిమిది వేల పైచిలుకు మందిని దాటించారు, ఆ పడవల దండును ఇంగ్లీషువాళ్లు ర్యాగ్‌ట్యాగ్ అని గర్వంగానే చెప్పుకుంటారు. క్రీడల సినిమాల్లో కూడా అంతే, చివరికి కప్పు కొట్టేది ఎప్పుడూ చిరిగిన బూట్ల జట్టే. తిట్టును తీసుకుని తలపాగాలా చుట్టుకున్నవాళ్లూ చరిత్రలో ఉన్నారు. 1566లో నెదర్లాండ్స్ ప్రభువులు కొందరు బ్రసెల్స్‌లో అర్జీ ఇవ్వడానికి వస్తే, పాలకురాలి పక్కనున్న సలహాదారు వీళ్లు బిచ్చగాళ్లమ్మా అన్నాడట. వాళ్లు ఆ పేరే పెట్టుకుని బిచ్చపు చిప్పలు తగిలించుకుని తిరిగారు, స్పెయిన్ మీద తిరగబడ్డవాళ్లకు అదే పేరైంది. ఫ్రెంచి విప్లవంలో సాన్‌క్యులోట్లు కూడా అంతే. క్యులోట్ అంటే డబ్బున్నవాళ్లు మోకాలి దాకా వేసుకునే బిగుతు లాగు, అది లేనివాళ్లని ఎద్దేవా చేస్తూ అన్నది వాళ్లే గర్వంగా చెప్పుకున్నారు, కూలీలూ చేతిపనివాళ్లూ నిలువు ప్యాంట్లు వేసుకునేవాళ్లు కదా. ఇవాళ నా షాపుకు ఎంత గొప్పవాడు వచ్చినా కుట్టించుకునేది నిలువు ప్యాంటే, మోకాలి లాగు కుట్టమని ఇంతవరకు ఒక్కరూ రాలేదు. కాబట్టి ఆ విప్లవం సంగతి ఎలా ఉన్నా, మా వృత్తికి సంబంధించినంతవరకు సాన్‌క్యులోట్లే గెలిచారు.

అయితే ఆ పేరు పెట్టుకున్నది వాళ్లంతట వాళ్లు. మా పిల్లలు పెట్టుకోలేదు. వాళ్లకు జెర్సీలు కావాలి, ఒకే రంగువి. ఫొటో చూసి మా చెల్లెలి కూతురు, అదే జట్టులో ఆడుతుంది, మొదట అడిగింది ‘మామయ్యా, అందరివీ నీలమే కుదరలేదా’ అని. మెచ్చుకోలుగా రాసినా సరే, ర్యాగ్‌ట్యాగ్ అనగానే ఆ చిరుగులు వాళ్లతో పాటు పుట్టినట్టూ, అదేదో వాళ్ల ప్రత్యేకత అయినట్టూ ఉంటుంది. ఎందుకు తలో రంగు వేసుకున్నారన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. మీ రిపోర్టరు కూడా అడగలేదు, గెలిచారు కదా, కథ అందంగా ఉంది కదా అని వదిలేశాడు.

ఈ ప్రశ్నకు జవాబు కూడా షేక్‌స్పియర్ దగ్గరే ఉంది. నాలుగో హెన్రీ మొదటి భాగంలో ఫాల్‌స్టాఫ్ అనే లావాటి సైన్యాధికారికి యుద్ధానికి మనుషుల్ని పోగుచేసే పని ఇస్తారు. ఆయన తెలివి చూడండి, ముందు కలిగినవాళ్లనే పట్టుకుంటాడు, ఆస్తిపరుల పిల్లల్ని, పెళ్లి కుదిరినవాళ్లని, తుపాకీ చప్పుడు వింటేనే వణికేవాళ్లని. వాళ్లు డబ్బిచ్చి తప్పించుకుంటారు. అలా నూటయాభై మంది సైనికుల స్థానంలో మూడువందల పౌన్ల పైచిలుకు తన జేబులో పడిందని తనే చెబుతాడు. ఇక మిగిలింది ఎవరు? పని పోయిన నౌకర్లు, సారాకొట్టు నుంచి పారిపోయిన కుర్రాళ్లు, గుర్రాలశాల మూతపడ్డవాళ్లు. దిష్టిబొమ్మల్లా ఉన్నారు, వీళ్లతో ఊళ్లో నడవను బాబూ అంటాడు. మొత్తం దండుకి కలిపి ఒకటిన్నర చొక్కా ఉందట. ఆ అర చొక్కా రెండు చేతిగుడ్డలు కలిపి కుట్టి, చేతుల్లేకుండా భుజాల మీద వేసుకున్నది. మిగతా ఒక్క చొక్కా సత్రం యజమాని దగ్గర దొంగిలించింది. టైలర్‌గా నాకు ఆ అర చొక్కా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. కానీ యుద్ధంలో ఇదే ఫాల్‌స్టాఫ్ మళ్లీ వచ్చి, నా చింపిరిగాళ్లను తుపాకుల ముందుకి తోలాను, నూటయాభై మందిలో ముగ్గురు కూడా మిగల్లేదు అంటాడు. అక్కడ ఆయన వాడే మాట ర్యాగమఫిన్లు, అందులోనూ ర్యాగ్ ఉంది చూడండి. డబ్బు తిన్నవాడే పేరూ పెట్టాడు.

ఇది నాటకం. నిజంగా జరిగింది కావాలంటే అమెరికా. ఇంగ్లీషువాళ్ల మీద స్వాతంత్ర్య యుద్ధం చేసిన జార్జ్ వాషింగ్టన్ సైన్యాన్ని ర్యాగ్‌ట్యాగ్ ఆర్మీ అనని పుస్తకం లేదేమో. 1777 డిసెంబర్ 23న వ్యాలీ ఫోర్జ్ శిబిరం నుంచి వాషింగ్టన్ కాంగ్రెస్‌కు రాసిన ఉత్తరంలో లెక్క ఉంటుంది, కాళ్లకు బూట్లు లేక, ఒంటికి బట్ట లేక డ్యూటీకి పనికిరాకుండా ఉన్నవాళ్లు 2,898 మంది అని. సైనికుల అలసత్వం కాదది, బండ్లు లేవు, బండ్లు తోలేవాళ్లకు ఇచ్చే డబ్బుల్లేవు, సరఫరా చూడాల్సిన పెద్ద అధికారి పట్టించుకోలేదు. ఆ చలికాలంలో ఎక్కువమంది పోయింది గుండు తగిలి కాదు, జబ్బులతో, రెండువేల దాకా. 1778 మార్చిలో ఆ సరఫరా పని నథానియెల్ గ్రీన్ అనే జనరల్‌కు అప్పజెప్పాక పరిస్థితి తేరుకుంది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఫ్రెంచివాళ్లతో కలిసి ఈ సైన్యమే ఇంగ్లీషు జనరల్ కారన్‌వాలిస్‌ను లొంగదీసింది. ఆ కారన్‌వాలిసే తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి బెంగాల్లో జమీందారీ శిస్తు స్థిరం చేశాడు, అదే పద్ధతి 1802 నుంచి మన సర్కారు జిల్లాల్లోకి వచ్చింది. అక్కడ ఓడినవాడు ఇక్కడ మన నెత్తినెక్కాడు, అది వేరే కథ.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. ఇంగ్లీషులో షాడీ అని ఉంది, నాసిరకం అని అర్థం, చెట్టునీడకు వాడే షేడీ కాదు, వేరే. అది కూడా గుడ్డ పేరే. 1813 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బాట్లీ అనే ఊళ్లో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్ని పేలికలను చీల్చి, పీచుగా దువ్వి, కొత్త ఉన్ని కొంచెం కలిపి మళ్లీ నూలు వడికే పద్ధతి పట్టాడు. ఆ గుడ్డకు షాడీ అని పేరు. తప్పుడు వ్యాపారమేం కాదు, ఎన్నో కుటుంబాలు బతికాయి, మన పానిపట్‌లో ఇప్పటికీ ఇదే పని పెద్ద ఎత్తున జరుగుతోంది, వరదలొచ్చినప్పుడు పంచే చవక దుప్పట్లు ఎన్నో అక్కడ తయారైనవే. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు కాంట్రాక్టర్లు మంచి ఉన్ని డబ్బులు తీసుకుని సైనికులకు ఈ గుడ్డతో, అందులోనూ అతి నాసి రకంతో యూనిఫాంలు కుట్టించి ఇచ్చారు. వాన పడితే ఒంటి మీదే విచ్చిపోయేవి. అప్పట్నుంచే ఆ మాటకు చెడ్డపేరు స్థిరపడింది, అలా డబ్బు చేసుకున్న కొత్త ధనవంతుల్ని పేపర్లు షాడీ దొరలన్నట్టుగా ఏకిపారేశాయి.

చూశారుగా, ర్యాగ్‌ట్యాగ్, షాడీ, రెండూ పేలికల్లోంచి వచ్చినవే. మొదటిది తొడుక్కున్నవాడి మీద పడింది, రెండోది అంటగట్టినవాడి మీద పడింది. మా జట్టు వార్తకు మీవాళ్లు మొదటిది ఎంచుకున్నారు. రెండోదానికి మ్యాటర్ నా దగ్గర ఉంది.

పిల్లలు రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్తున్నారు. మళ్లీ కొలతలు తీశాను, ఇద్దరు పిల్లలు కాస్త పొడుగయ్యారు, పాత కాగితం పనికిరాదు. జెర్సీల శాంక్షన్ ఆర్డర్ జిరాక్స్ మేడం దగ్గర ఉంది, దాని మీద తేదీ, మొత్తం, సంతకం అన్నీ ఉన్నాయి, గుడ్డ మాత్రం లేదు. మీ రిపోర్టర్‌ను పంపిస్తే ఆ కాగితం చూపిస్తాం, ఏ టేబుల్ మీద ఆగిందో కనుక్కుని రాయమనండి. షాపు బస్టాండు వెనక సందులో ఉంటుంది, మధ్యాహ్నం భోజనానికి తప్ప రాత్రి ఎనిమిదిన్నర దాకా తీసే ఉంటుంది.

ఇట్లు,
జెర్సీలు కుట్టిన టైలరు,
చీరాల దగ్గర